గూట్లో రేడియో, గోడ మీద బీడీ



ఎవరి జ్ఞాపకంగా ఇక్కడ కూడామో ఆయన జగిత్యాల జిల్లా మల్యాలలో రేడియోలు బాగుచేసి బతికిన మనిషి. దుకాణం బోర్డు మీద కూడా తన పేరు రాసుకోలేదు. "రేడియో సర్వీస్" అని మాత్రమే ఉండేది. కుటుంబం కోరిక మేరకు ఈ అచ్చు ప్రతిలోనూ పేరు వేయడం లేదు. పొగడ్తలు వద్దు, ఆయన పనికి సంబంధించింది ఏదైనా చెప్పండి అన్నారు నిర్వాహకులు. నాకు నచ్చిన షరతు అది.

అందుకని ఒక ప్రశ్న తీసుకున్నాను. రేడియో జోరుగా నడిచిన రోజుల్లో, అంటే సుమారుగా 1950ల నడిమి నుంచి 1980ల చివరి దాకా, ఆ పెట్టెలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అమ్ముతూనే ఉన్నారు. టూత్‌పేస్టు, తలనొప్పి మాత్ర, సూటింగు గుడ్డ, బట్టల సబ్బు. మరి జగిత్యాల టవర్ దగ్గరి బట్టల దుకాణం, కోరుట్ల సావుకారు, సిరిసిల్ల సేటు ఆ పెట్టెలో ఎందుకు మాట్లాడలేదు? మారుమూల ప్రాంతం, పైసలు లేవు, చదువు లేదు అని ఒక జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. నేను ఒప్పుకోను. ఇక్కడ పైసలు తిరిగాయి. వ్యాపారం తెలిసినవాళ్ళకు కొదవ లేదు. అసలు కారణాలు వేరే ఉన్నాయి. అవి తెలిస్తే రేడియో గురించి కాదు, మన ప్రాంతం గురించే కొంత తెలుస్తుంది.

ముందు అమెరికా పోయి వద్దాం, తొందరగానే తిరిగొద్దాం. చిన్న ఊరి దుకాణదారు రేడియో ఎక్కడం ఎట్లా అన్న చిక్కు వాళ్ళకు 1930ల్లోనే ఎదురైంది. పెద్ద రేడియో సంస్థల నాటకాలు, పాటల కార్యక్రమాలు దేశమంతా సరుకు అమ్మే కంపెనీలకే అందుబాటులో ఉండేవి. ఒక ఊళ్ళో రొట్టెలు కాల్చి అమ్మేవాడు అంత ఖర్చు పెట్టలేడు. సొంతంగా నాటకం వేయిద్దామంటే ఊళ్ళో నటులు లేరు. సిన్సినాటి నగరంలో ఫ్రెడరిక్ జివ్ అనే ఆయన 1937లో కంపెనీ పెట్టి దీన్నే వ్యాపారం చేశాడు. కార్యక్రమం ఒక్కసారి బాగా ఖర్చుపెట్టి తయారుచేస్తారు. 16 అంగుళాల పెద్ద రికార్డు మీదికి ఎక్కిస్తారు. ఒక్కో వైపు 15 నిమిషాలు పడుతుంది. మొదట్లో, నడుమ, చివర కొంత జాగా ఖాళీగా వదిలేస్తారు. ఆ రికార్డు ఏ ఊరి స్టేషనుకు పోతే ఆ ఊరి అనౌన్సరు ఆ ఖాళీలో ఆ ఊరి దుకాణం పేరు చదువుతాడు. ఒక ఊళ్ళో రొట్టెలవాడు, పక్క ఊళ్ళో పాలవాడు, ఇంకో ఊళ్ళో బొగ్గు వ్యాపారి. పేర్లు నింపుకోవడానికి చుక్కలు పెట్టి అచ్చేసిన శుభలేఖ ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. రేటు ఊరి జనాభాను బట్టి. 1951లో హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్ అనే హాలీవుడ్ దంపతులతో జివ్ ఒక సాహస నాటకాల వరుస తీసి వందల స్టేషన్లకు అమ్మాడు. అంత పెద్ద తారలను మన ఊరి రొట్టెలాయనే పిలిపించాడన్నట్టు వినిపించేది. వినేవాళ్ళకు అసలు సంగతి తెలియక కాదు. తెలిసి కూడా సంబరపడ్డారు.

ఈ ఏర్పాటు నడవడానికి ఒక షరతు ఉంది. ఊరికో చిన్న స్టేషన్ ఉండాలి. అమెరికాలో ఉన్నాయి. మన సంగతి చూడండి. 1947లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తానికి ఆకాశవాణి చేతిలో ఉన్నవి 6 స్టేషన్లు. తెలుగుకు 1948 డిసెంబరులో విజయవాడ వచ్చింది. హైదరాబాద్‌లో 1935 నుంచి నిజాం ప్రభుత్వం నడిపిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. 1963లో విశాఖపట్నం, కడప. అప్పటి ఆంధ్రప్రదేశ్ అంత పెద్ద రాష్ట్రానికి వేళ్ళ మీద లెక్కపెట్టే స్టేషన్లు. అన్నీ ప్రభుత్వానివే. వాటిలో 1967 దాకా ప్రకటనలకు తావే లేదు.

ఆకాశవాణి ఒప్పుకోకపోతే కొలంబో ఒప్పుకుంది. రేడియో సిలోన్ వాణిజ్య విభాగం 1950 సెప్టెంబరు 30న మొదలైంది. కొలంబో పథకం కింద ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ దాన్ని నిలబెట్టాడు. ఆస్ట్రేలియా కూడా రికార్డు చేసిన కార్యక్రమాలను స్టేషన్ స్టేషన్‌కు అమ్మే వ్యాపారం బాగా నడిచిన దేశమే, ఆయనకు ఆ మెళకువ తెలుసు. ఇక్కడేమో 1952లో బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాట పలుచబడింది. పాట కోసం జనం షార్ట్ వేవు తిప్పుకొని సిలోన్ పట్టుకున్నారు. 1952 డిసెంబరులో బినాకా గీత్‌మాలా మొదలైంది. స్విస్ కంపెనీ సీబా తన టూత్‌పేస్టు కోసం పెట్టిన కార్యక్రమం అది. అమీన్ సయానీ బొంబాయిలో మాట్లాడతాడు, టేపు విమానంలో కొలంబో పోతుంది, అక్కడి నుంచి సముద్రం దాటి మన గూట్లోకి వస్తుంది. వారానికి 25 రూపాయల మీద మొదలుపెట్టిన ఉద్యోగమని ఆయనే చెప్పుకున్నారు. మొదటి కార్యక్రమానికే 9,000 ఉత్తరాలు వచ్చాయట. బుధవారం రాత్రి 8 గంటలకు మన దగ్గర హిందీ సరిగ్గా రానివాళ్ళు కూడా ఆ పాటల వరుస కోసం చెవులు రిక్కించారు. తెలుగు పాటలకు సిలోన్‌లోనే మీనాక్షి పొన్నుదురై గొంతు ఉండేది. తెలుగు అక్షరాలను ఒక కొత్త తీరున పలికే ఆ గొంతును ఇప్పటికీ తలుచుకునే పెద్దమనుషులు ఈ సభలో ఉంటారు.

సిలోన్ దెబ్బకే 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టింది. పాట తిరిగొచ్చింది, పైసలు మాత్రం ఇంకో పదేళ్ళు కొలంబోకే పోయాయి. ప్రభుత్వం వేసిన చందా కమిటీ సిఫారసు చేశాక 1967 నవంబరు 1న బొంబాయి, పుణె, నాగ్‌పూర్‌లలో ప్రకటనలు మొదలయ్యాయి. 1970లో కార్యక్రమాలనే కంపెనీలు కొనుక్కునే పద్ధతి, అంటే స్పాన్సర్డ్ ప్రోగ్రాం వచ్చింది. ప్రకటనలు హైదరాబాద్, విజయవాడలకూ వచ్చాయి. బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్, ఎస్. కుమార్స్ వారి ఫిల్మీ ముకద్దమా ఇట్లా కంపెనీలు కొనుక్కోగా వచ్చినవే. తయారీ ఒక చోట, టేపు కాపీలు పది చోట్లకు. జివ్ పద్ధతే అనిపిస్తుంది. కాని ఒక్కటి తక్కువ: ఖాళీ లేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా కంపెనీ పేరుతో బిగించి పంపినవి అవి.

తెలుగులో ఈ పద్ధతిని సినిమావాళ్ళు వాడుకున్నంతగా ఇంకెవరూ వాడుకోలేదు. కొత్త బొమ్మ విడుదలకు ముందు పదిహేను నిమిషాల కార్యక్రమం. రెండు పాటల ముక్కలు, ఒక ఏడుపు సీను, ఒక సవాలు డైలాగు, నడుమ గంభీరమైన గొంతు. కథ సగంలో ఆపి ప్రశ్న వేస్తారు: ఆ తల్లి బిడ్డను కలుసుకుందా? జవాబుకు మీ అభిమాన థియేటరుకు రండి. ఈ "మీ అభిమాన థియేటరు" అన్న మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. ఆ థియేటరుకు పేరు లేదు. జగిత్యాలలో ఏ టాకీసు, కోరుట్లలో ఏ టాకీసు, ఏ రోజు నుంచి, ఎన్ని ఆటలు, నేల టికెట్ ఎంత, ఒక్కటీ రేడియో చెప్పదు. సబ్బు ప్రకటన చివర "అన్ని ప్రముఖ దుకాణాలలో లభించును" అంటారే, అదీ ఇంతే. రేడియో మన దుకాణం గడప దాకా వచ్చింది, లోపలికి రాలేదు.

ఇంతకూ మన దగ్గర ఎవరు విన్నారు ఈ రేడియో? ఊరి పెద్దమనుషులు వార్తలకు విన్నారు, పిల్లలు పాటలకు విన్నారు, నిజమే. కాని పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా విన్నది బీడీలు చేసే ఆడవాళ్ళు. ఇది బయటివాళ్ళకు చెప్తేగాని తెలియదు, మీకు చెప్పనక్కర లేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, ఎక్కడ చూసినా అరుగు మీద కాళ్ళు చాపుకొని, ఒళ్ళో చాట పెట్టుకొని కూర్చున్న ఆడమనిషి కనిపిస్తుంది. నానబెట్టిన తునికాకును రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోయాలి. జర్దా చిటికెడు పరిచి వేళ్ళతో చుట్టాలి, దారం వేయాలి, మూతి మడవాలి. 25కు కట్ట. రోజుకు వెయ్యి చేస్తేనే కూలి లెక్కలోకి వచ్చేది. చేతులకు, కండ్లకు తీరిక లేదు, చెవులే ఖాళీ. ఆ ఖాళీ చెవుల్లోకి రేడియో వచ్చి కూర్చుంది. నలుగురు ఒక్క అరుగు మీద చేరడానికి ఆ ఇంట్లో ట్రాన్సిస్టర్ ఉండడం ఒక కారణం. సెల్లు నీరసపడితే ఎండలో పెట్టి మళ్ళీ వేసేవాళ్ళు. బొంబాయిలోని ప్రకటన కంపెనీలు ఇంత శ్రద్ధగల శ్రోతలు ఎక్కడ దొరుకుతారా అని వెతికి ఉంటే మల్యాల అరుగు మీదికే రావలసింది.

ఇక్కడ విచిత్రం వినండి. ఆమె చేతిలో తయారవుతున్న సరుకు పేరు ఆ రేడియోలో పలకకూడదు. ఆకాశవాణి ప్రకటనల నియమావళిలో ఒప్పుకోని సరుకుల జాబితా ఒకటి ఉంది. సిగరెట్లు, పొగాకు సరుకులు అందులో ఉన్నాయి. ఆ జాబితా మిగతా భాగం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, కొంచెం భయమూ వేసింది. వడ్డీ వ్యాపారులు, చిట్‌ఫండ్లు, ప్రభుత్వాలవి కాని లాటరీలు, లైసెన్సు లేని ఉద్యోగ ఏజెన్సీలు, జోస్యం చెప్పేవాళ్ళు, విదేశీ సరుకులు. 1970లు, 80ల జగిత్యాల, కోరుట్ల బజారును ఎవరో తిరిగి చూసి రాసుకున్నట్టే ఉంది. బీడీ ఉంది. వీధి వీధికి చిట్టీ ఉంది. దుబాయి, మస్కట్ పంపిస్తానని పాస్‌పోర్టులు పోగుచేసుకునే ఏజెంటు ఉన్నాడు. సెలవు మీద వచ్చినవాళ్ళు తెచ్చిన టూ ఇన్ వన్, సెంటు సీసా, జపాన్ చీర చేతులు మారుతున్నాయి. మన దగ్గర పైసలు తిరిగిన దారులన్నీ ఆ జాబితాలో వరుసగా ఉన్నాయి.

ఆ నిషేధం తప్పని నేననను. చిట్టీలో మునిగిన ఇండ్లు, ఏజెంటు చేతిలో మోసపోయి బొంబాయి నుంచే తిరిగొచ్చిన పిల్లలు మనకు తెలుసు. జర్దా ధూళికి దగ్గుతూనే బీడీలు చేసిన తల్లులు తెలుసు. రేడియో ఆ సరుకులకు నోరు ఇవ్వకపోవడమే మంచిదయింది. నేను చెప్పేది కారణం గురించి. మల్యాల చుట్టుపక్కల వ్యాపారి రేడియో ఎక్కలేదంటే తెలివి లేక కాదు, ఆయన వ్యాపారానికి అక్కడ ప్రవేశం లేదు.

బీడీ కంపెనీలు మాత్రం ఊరుకోలేదు. రేడియో మూసిన నోటిని గోడ మీద తెరిచాయి. ఊరి మొదటి ఇంటి గోడకు సున్నం కొట్టి పెద్ద పెద్ద అక్షరాలతో బీడీ పేరు, పక్కన కట్ట బొమ్మ. జీపుకు మైకు కట్టి అంగడి రోజున తిప్పడం, పాంప్లెట్లు విసరడం, వేషగాళ్ళతో ఆటలు ఆడించడం, దీపావళికి దేవుడి బొమ్మ కేలండర్. 1978 సెప్టెంబరు 7న నక్సలైట్ల నాయకత్వంలో రైతుకూలీలు జరిపిన జగిత్యాల జైత్రయాత్ర నాటికి ఆ గోడలకు ఇంకో వాటాదారు వచ్చాడు. ఎర్ర అక్షరాలు, బీడీ అక్షరాలు ఒకే గోడ మీద సర్దుకున్న ఊళ్ళు ఉండేవి. ఒకదాన్ని పోలీసులు తుడిచేవారు, ఇంకోదాన్ని వానే తుడవాలి.

సరే, నిషేధంలో లేని సరుకుల మాటేమిటి? సిరిసిల్ల తీసుకోండి. సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడుతో తెల్లవారే ఊరు. అక్కడ తయారయింది ముడి గుడ్డ. రంగు ఇంకో ఊళ్ళో పడుతుంది, ముద్ర ఇంకొకరిది పడుతుంది. పసుపు సంగతీ అంతే. కోరుట్ల, మెట్‌పల్లి రైతు పండించింది నిజామాబాద్ మార్కెట్‌లో కుప్ప అవుతుంది, ఆ పైన ఎవరి పొట్లంలోనో ఎవరి పేరుతోనో వంటింటికి చేరుతుంది. జగిత్యాల మామిడికాయ లారీ ఎక్కి నాగ్‌పూర్, ఢిల్లీ పోయాక కొన్నవాడి మాలు. రేడియో ప్రకటన అంటే ముందు ఒక పేరు కావాలి, పదిసార్లు పలికితే చెవిలో నిలిచే పేరు. ఎస్. కుమార్స్ వాళ్ళకు పేరు ఉంది కనుక కార్యక్రమం కొన్నారు. సిరిసిల్ల సేటు పైసలు పెట్టి పదిహేను నిమిషాలు కొన్నాడే అనుకుందాం. అందులో ఏమని చెప్పాలి? మా గుడ్డ బాగుంటుంది, దాని మీద మా పేరు ఉండదు అనా? సాంచె దగ్గర నిలబడ్డ కార్మికుడు ఇంటికొచ్చి వేరే మిల్లు గుడ్డ మీద నడిచే కార్యక్రమం విని నవ్వుకున్నాడు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు కూడా సిరిసిల్లకు పని దొరికింది, పేరు ప్రభుత్వ పథకానిదే అయింది. పని మనది, పేరు వేరేవాళ్ళది అన్న ఈ లెక్క తెగేదాకా ఏ మాధ్యమం వచ్చినా మన సరుకు మాట్లాడలేదు.

ఇక మిగిలింది దుకాణాలు. బట్టల దుకాణం, చెప్పుల దుకాణం, స్టీలు సామాను దుకాణం. వీటికి పేర్లున్నాయి, నిషేధం లేదు. వీటిని ఆపింది రేటు. ప్రకటనను సెకండ్లలో కొలుస్తారు. ఏజెన్సీ ద్వారా పోవాలి. ఏజెన్సీకి 15 శాతం కమీషన్ ముడుతుంది కనుక దానికి పెద్ద ఖాతాల మీదే కన్ను. రాతప్రతి ముందే పంపి ఒప్పించుకోవాలి. అన్నిటికీ మించి, హైదరాబాద్‌లో కొన్న పది సెకండ్లకు మహబూబ్‌నగర్ శ్రోతకు కూడా ధర కట్టాలి. ఆ శ్రోత లుంగీ కొనడానికి జగిత్యాల రాడు కదా. దుకాణానికి గిరాకీ వచ్చేది చుట్టూ పది పదిహేను కోసుల నుంచి, రేడియో బిల్లు వేసేది జిల్లాలకు జిల్లాల మీద. లెక్క తెలిసిన సావుకారు ఎవడైనా వద్దనే అంటాడు. ఈ ఒక్క విషయంలో మన వ్యాపారులను నేను మెచ్చుకుంటాను.

స్టేషన్లు దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైంది. 1986లో ఆదిలాబాద్, 1989లో కొత్తగూడెం, 1990లో వరంగల్, నిజామాబాద్. ఈ స్థానిక కేంద్రాల ఉద్దేశం మంచిది, జిల్లా యాసకు మొదటిసారి మైకు దొరికింది. కాని అప్పటికే మధ్యాహ్నం అరుగు మీద కూర్చునే ఆడవాళ్ళ ముందుకు టీవీ రావడం మొదలైంది.

మరి ఊరి దుకాణాల విషయంలో రేడియో వదిలిన ఆ ఖాళీని ఎవరు పూరించారు? దీనికి జవాబు మన మెకానిక్ దుకాణంలోనే ఉంది. ఒకనాడు డప్పు చాటింపు ఉండేది. తరువాత టాకీసులో గాజు స్లైడు. బొమ్మకు ముందు, విశ్రాంతిలో, చేతితో రంగులద్దిన స్లైడు మీద దుకాణం పేరు. దాని వెంట రిక్షా మైకు. "మీ అభిమాన థియేటరు" పేరు అసలు చెప్పింది ఈ రిక్షాయే. రేడియో బొమ్మ మీద ఆశ పుట్టించేది, రిక్షా వచ్చి టాకీసు పేరు, ఆటల టైము చెప్పి పోయేది. రెండూ కలిస్తేనే ప్రకటన పూర్తయ్యేది. దుబాయి టూ ఇన్ వన్‌లు వచ్చాక కేసెట్ చవకయింది. అప్పటి నుంచి పబ్లిసిటీ కేసెట్ రాజ్యం.

ఆ కేసెట్ తయారీ ఆయన దుకాణంలో నేను దగ్గరి నుంచి చూశాను. ఊదా రంగు గుడ్డ కప్పిన బల్ల మీద అహూజా యాంప్లిఫయరు, రెండు టేప్ రికార్డర్లు, మూలకు విప్పిపెట్టిన రేడియోల పొట్టలు. ఏదో పట్నంలో మంచి గొంతుతో చదివించి తెచ్చిన అసలు కేసెట్ ఒకటి ఉండేది. పండుగ వచ్చింది, మీ ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు, చీరల మీద తగ్గింపు, ఒకసారి దయచేయండి. నడుమ నడుమ పాట ముక్కలు. పేరు రావలసిన చోట రెండు మూడు సెకండ్ల మౌనం. ఆయన దాన్ని రెండో టేపులోకి ఎక్కిస్తూ ఆ మౌనం రాగానే పాజ్ నొక్కేవారు, మైకు నోటి దగ్గరికి తెచ్చుకొని గొంతు సవరించుకొని దుకాణం పేరు, ఊరి పేరు చెప్పేవారు, మళ్ళీ పాజ్ వదిలేవారు. మల్యాలకు ఒకటి, కోరుట్లకు ఒకటి, వేములవాడ దారిలో ఉన్న ఊళ్ళకు ఇంకొకటి. అందుకే ఆ కేసెట్లలో దుకాణం పేరు దగ్గర గొంతు మారేది. నున్నటి పట్నం గొంతు నడుమ గరుకైన మన గొంతు, అదీ రెట్టింపు చప్పుడుతో. ఒకసారి తొందరలో పక్క ఊరి దుకాణం పేరు ఉండిపోయిన కేసెట్ మైకు కట్టిన ఆటోలో పోయిందట. మా గిరాకీ అటు పోయింది అని సావుకారు, గిరాకీ పెరిగింది పైసలు తీసుకో అని రెండో సావుకారు, ఇద్దరూ ఒకే రోజు దుకాణానికి వచ్చారని ఆయన నవ్వుతూ చెప్పేవారు.

జివ్ అమ్మింది సరిగ్గా ఈ సరుకే. ఒకరు తయారుచేసిన కార్యక్రమం, అందులో ఖాళీ, ఆ ఖాళీలో మన ఊరి పేరు. ఆకాశవాణి ఇవ్వని ఖాళీని ఒక మెకానిక్ పాజ్ బటన్‌తో తీసుకున్నాడు. స్టేషన్ లేదు కనుక ఆటోయే స్టేషన్, హారన్ చప్పుడు వినిపించినంత మేరే దాని హద్దు. అవసరం లేని శ్రోతకు ధర కట్టే బాధ కూడా లేదు. కొండగట్టు జాతరకు, పెద్ద హనుమాన్ జయంతికి జనం పోటెత్తినప్పుడు ఆ కేసెట్లకు తీరిక ఉండేది కాదు.

మన ప్రాంతం రేడియోకు ఏమీ ఇవ్వలేదని మాత్రం ఎవరూ అనకండి. పాట ఇచ్చింది. హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణ రెడ్డి 1962లో గులేబకావళి కథ నుంచి సినిమాకు రాయడం మొదలుపెట్టాక రేడియోలో వచ్చే సినిమా పాటల కార్యక్రమం జనరంజనిలో "రచన: సి. నారాయణ రెడ్డి" అన్న మాట వినిపించని వారం ఉండి ఉండదు. కంపెనీలు కొనుక్కున్న కార్యక్రమాలన్నీ ఆ పాటల మీదే నిలబడ్డాయి. ముడి గుడ్డకు దక్కని పేరు పాటకు దక్కింది. అది చిన్న సంగతి కాదు.

ఇప్పటి సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఇదే మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానెల్ మొదలైంది. శ్రీరామ్ శ్రీకాంత్, అనిల్ జీల, ఊరి జనం. అందులో కనిపించే మిల్కూరి గంగవ్వ పొలం కూలికి పోయి, బీడీలు చేసి బతుకు వెళ్ళదీసిన మనిషి. రేడియో వినే అరుగు మీది మనిషే యూట్యూబ్‌లో మాట్లాడితే లోకం వింది. ఒకప్పుడు బొంబాయి నుంచి టేపులు మనకు వచ్చాయి, ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు తమ సరుకు గురించి మన యాసలో చెప్పించుకోవడానికి లంబాడిపల్లి వస్తున్నాయి. ఇది గర్వపడే విషయమే. అయితే గమనించండి, వచ్చేవి మళ్ళీ బయటి కంపెనీలే. మన కూరగాయల బండి, మన స్టీలు సామాను దుకాణం ఇంకా ఆటో మైకు దగ్గరే ఉన్నాయి. టెక్నాలజీ మారింది, రేటు లెక్క మారలేదు.

చివరగా వ్యాపార సంఘాల పెద్దలకు ఒక విన్నపం. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాలలో 730 ప్రైవేటు ఎఫ్ఎం ఛానెళ్ళ వేలానికి ఒప్పుకుంది. ఆ జాబితాలో మన పక్కన కరీంనగర్ ఉంది, రామగుండం, మంచిర్యాల ఉన్నాయి. రేపు స్టేషన్ పెట్టేవాళ్ళు వచ్చి ప్రకటనలు ఇవ్వండని మీ గల్లా పెట్టె ముందు నిలబడతారు. అప్పుడు రెండు సంగతులు అడగండి. ఒకే మండలంలో వ్యాపారం చేసే దుకాణానికి వేరే రేటు ఉందా అని ఒకటి. కార్యక్రమం మీరు తయారుచేయండి, నడుమ మా ఊరి దుకాణాల పేర్లకు ఖాళీ వదులుతారా అని రెండోది. ఒక్క దుకాణం అడిగితే నవ్వి ఊరుకుంటారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల సంఘాలు కలిసి అడిగితే లెక్క వేసుకుంటారు. ఆ కాగితం మీద మొదటి సంతకం మల్యాల సంఘం పెట్టాలని నా కోరిక.